మాట్లాడనివ్వని డాక్టరు

మా ఆయన పళ్ల డాక్టరు. మా పెళ్లయి ఇరవై రోజులు, క్లినిక్ తెరిచి పది. ఆన్‌లైన్‌లో మొదటి రివ్యూ ఒక్క స్టార్‌తో వచ్చింది: “డాక్టరు నన్ను మాట్లాడనివ్వలేదు.” అది చూసి ఇంకెవరూ రావడం లేదు.

“నోట్లో డ్రిల్లు పెట్టుకుని ఏం మాట్లాడతాడటండీ? అదే రాసెయ్యండి,” అన్నాను.

“పేషెంటు నోటి సంగతి ఊరందరికీ చెప్పకూడదోయ్,” అని మా ఆయన, “దయచేసి రండి, వింటాను” అని మాత్రం రాశారు.

ఆ రివ్యూ రాసిన పెద్దమనిషి వచ్చి, కుర్చీలో వాలి నోరు తెరిచాడు.

“ఇవాళ పరికరాలేవీ పెట్టనండీ, చెప్పండి,” అన్నారు మా ఆయన.

ఆ పెద్దమనిషి గంటసేపు తన అల్లుడి గురించే చెప్పాడు.

సాయంత్రానికి ఆ రివ్యూకి ఐదు స్టార్లు: “డాక్టరు బాగా వింటారు. పన్ను ఇంకా నొప్పిగానే ఉంది.”

మర్నాడు ముగ్గురొచ్చారు. నేను ఉబ్బితబ్బిబ్బై కుర్చీలు తుడిచాను. ఒక్కరికీ పంటినొప్పి లేదు.