రెండు వందల యాభై మాటల్లో టమాటాలు

మొక్కలతో మాట్లాడితే ఎక్కువ కాస్తాయా అన్నది తేల్చడానికి ఆ ఇంటి కోడలు మూడేళ్లు తగలేసింది. తగలేసింది అనకూడదట, పరిశోధన అనాలట. సరే, పరిశోధన చేసింది. విశ్వవిద్యాలయంలోని అద్దాల గదిలో, పంటకు నూట ఇరవై చొప్పున ఆరు పంటలు టమాటా మొక్కలు పెంచింది. రోజూ పొద్దున్నే నలభై మొక్కల్ని పొగడాలి, నలభైని తిట్టాలి, మిగతా నలభై దగ్గర నోరు మెదపకూడదు. పొగడ్తలకేం, ఎన్నయినా దొరికాయి. తిట్లే ఆర్నెల్లకు నిండుకున్నాయి. అప్పుడు అత్తగారిని ఆశ్రయించింది. ఆవిడ ఒక్క పూటలో నాలుగు పేజీలు రాయించింది.

ఇప్పుడు ఆ పరిశోధన మీద రాసిన వ్యాసానికి రెండు వందల యాభై మాటల్లో సారాంశం రాసి, సాయంత్రం అయిదులోగా సదస్సు వాళ్లకు పంపాలి. వాళ్లు ఒప్పుకుంటే పట్టా చేతికొస్తుంది. లేకపోతే ఇంకో ఏడాది టమాటాలను తిడుతూ కూర్చోవాలి. పదకొండు గంటలకు కోడలు వంటింటి బల్ల దగ్గర కూర్చుని తొమ్మిది వందల మాటలు రాసింది. అసలు సంగతి మాత్రం ఇంకా రాలేదు.

అత్తగారు టెలిగ్రాం ఆఫీసులో ముప్ఫయ్యేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. కాగితం లాక్కుని చదివింది.

"'అనాదిగా మానవుడు ప్రకృతితో మమేకమై'... ఎవరమ్మా ఈ మానవుడు?"

"అది ఉపోద్ఘాతం అత్తయ్యా. అందరూ అలాగే మొదలెడతారు."

"మా ఆఫీసుకూ వచ్చేవాళ్లులే ఇలాంటివాళ్లు. నాన్న పోయాడని తమ్ముడికి కబురు పెట్టాలి. ఆ నాన్న ఎక్కడ పుట్టాడో అక్కణ్ణుంచి రాసుకొచ్చేవాళ్లు. నేను ఎర్ర పెన్సిలు తీసి కొట్టేసేదాన్ని. 'నాన్న పోయారు, వెంటనే రా.' అంతే. ఆ తమ్ముడు రైలెక్కాడా లేదా?"

"ఎక్కుంటాడు."

"మరింకేం."

ఎర్ర పెన్సిలు నిజంగానే బయటికొచ్చింది. మానవుడు పోయాడు. ప్రకృతి పోయింది. కృతజ్ఞతల దగ్గర కోడలు అడ్డుపడింది.

"వాచ్‌మన్‌ని ఉంచండి అత్తయ్యా. సెలవుల్లో ఆయన నీళ్లు పొయ్యకపోతే మొక్కలన్నీ ఎండిపోయేవి."

"అయితే వెళ్లి ఆయనకే చెప్పు. సదస్సు వాళ్లకెందుకు?"

వాచ్‌మన్ కూడా పోయాడు. చివరి వాక్యం దగ్గర పెన్సిలు ఆగింది. 'ఫలితాలు మిక్కిలి ఆసక్తికరముగా ఉన్నవి, వ్యాసమునందు చర్చించడమైనది.'

"ఇంతకీ మొక్కలు విన్నాయా, లేదా?"

"అది లోపలుంటుంది అత్తయ్యా. ముందే చెప్పేస్తే వ్యాసం ఎవరు చదువుతారు?"

"నాన్న ఉన్నాడో పోయాడో తర్వాత రాస్తా, నువ్వు మాత్రం రైలెక్కు అన్నట్టుంది."

కోడలు నీళ్లు తాగి, చెప్పక తప్పదని చెప్పింది.

"వినలేదు. పొగిడినా, తిట్టినా, ఊరుకున్నా కాపు ఒక్కటే."

అత్తగారి మొహం చిన్నబోయింది. "నా తిట్లు కూడానా?"

"అవి కూడా అత్తయ్యా."

ముప్ఫయ్యేళ్ల సరుకు మరి, బాధ ఉండదా?

అసలు చిక్కు ఈ పరిశోధన చేయిస్తున్న ప్రొఫెసరు గారితో. మొక్కలు మన మాట వింటాయని ఆయన ఇరవయ్యేళ్లుగా చెబుతున్నారు. అద్దాల గదిలోకి అడుగుపెడితే వరసంతా కుశలం అడిగిగానీ కుర్చీలో కూర్చోరు. ఆయన సంతకం లేనిదే సారాంశం వెళ్లదు. పెద్దాయన మనసు విరుగుతుందని కోడలికి భయం, సంతకం పెట్టరేమోనని అంతకంటే భయం. తొమ్మిది వందల మాటలూ ఆ భయం కప్పెట్టడానికే.

ఇదంతా విని అత్తగారు పెన్సిలు కోడలి చేతిలో పెట్టింది. "చావు కబురు చల్లగా చెప్పినంత మాత్రాన పోయినవాడు లేచి రాడమ్మా. రాసెయ్."

కోడలు రాసింది. మొక్కలతో మాట్లాడితే దిగుబడి పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. అది నిజమో కాదో చూడటానికి ఆరు పంటల పాటు కొన్నిటిని పొగిడి, కొన్నిటిని తిట్టి, కొన్నిటిని పలకరించకుండా పెంచి, కాయలు తూచాం. తేడా లేదు. ఆ మాట్లాడే సమయమేదో నీళ్లకూ ఎరువుకూ పెట్టడం మేలు. అంకెలు, తూకాలు చేర్చినా నూట డెబ్బై మాటలు దాటలేదు.

నాలుగింటికి అద్దాల గదిలో ఆ కాగితం ప్రొఫెసరు గారి చేతికిచ్చి కోడలు నిలబడింది. ఆయన చదివారు. మళ్లీ చదివారు. ఆయన వేలు 'తేడా లేదు' దగ్గర ఆగిపోయింది.

"అంకెలు సరిచూశావా?"

"మూడుసార్లు చూశాను సార్."

"నేను స్వయంగా పొగిడిన వరస కూడానా?"

"ఆ వరస రెండు కాయలు తక్కువే సార్. కానీ అంత చిన్న తేడా లెక్కలోకి రాదు."

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపే తుడుచుకున్నారు. కోడలికి ఏడుపొచ్చినంత పనయింది. ఇంకో ఏడాది తప్పదనుకుంది, అంతకంటే ఆయన్ని చూస్తే జాలేసింది.

"ఇంత సూటిగా రాసిన సారాంశం ఈ గదిలోంచి ఇప్పటిదాకా వెళ్లలేదు," అని ఆయన జేబులోంచి కలం తీసి సంతకం పెట్టారు. "పంపేముందు ఒకసారి పైకి చదువు. కంటికి దొరకని తప్పులు చెవికి దొరుకుతాయి."

కోడలు గొంతు సవరించుకుని, "మొక్కలతో మాట్లాడితే..." అని మొదలుపెట్టిందో లేదో, ఆయన చెయ్యెత్తి ఆపారు. వెనక్కి తిరిగి వరసలన్నిటినీ ఒకసారి చూశారు. ఆమెను వరండాలోకి నడిపించి, అద్దాల తలుపు చప్పుడు కాకుండా మూశారు.

"ఇక్కడ చదువమ్మా," అన్నారు. "మెల్లగా."