పప్పు పడని వియ్యపురాలు

మా వియ్యపురాలి ప్రాణం మీదికి తెచ్చింది జబ్బూ కాదు, ప్రమాదమూ కాదు. పప్పు అనే రెండక్షరాల మాట. అందరం క్షేమంగా ఉన్నాం కాబట్టి ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ మధ్యాహ్నం నా ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఆవిడ మా ఇంటికి భోజనానికి రావడం అదే మొదటిసారి. అమ్మాయికి పెళ్ళై ఎంతో కాలం కాలేదు. అల్లుడికి ఆ రోజు డ్యూటీ పడడంతో అత్తాకోడళ్ళిద్దరే వస్తున్నారు. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. ఎవరింటికి వెళ్ళినా, ఎంత బతిమాలినా, మంచినీళ్ళు తాగి లేచిపోతుందనీ, అదంతా గర్వమనీ వాళ్ళ చుట్టాలే గుసగుసలాడుకోవడం పెళ్ళిలో మా చెవిన పడింది. అలాంటి మనిషి మా ఇంటికి భోజనానికి వస్తానంది! ఏదైనా తేడా జరిగితే మమ్మల్ని ఏమీ అనదు. కానీ మర్నాటి నుంచి ఆ ఇంట్లో తిరగాల్సింది మా అమ్మాయి.

వంట నా నెత్తిన పడింది. మా ఆవిడ స్నానాల గదిలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది, చేతికి కట్టు. నేనా, డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి. పక్క సీట్లో కూర్చుని, నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు పెట్టించుకుని, ఇతరులు తప్పు చేసినప్పుడల్లా దాన్ని తొక్కి బతికాను. అరవడం వచ్చు, ఆపడం వచ్చు. వండడమంటే మాత్రం ఒక్కటే వచ్చు, ఎర్రపప్పు సూప్. దాన్ని నా అంత బాగా చేసేవాడు లేడని నా నమ్మకం.

పొద్దున్నే అమ్మాయి ఫోన్ చేసింది.

“నాన్నా, ఒక్క మాట. అత్తయ్యకి పప్పు పడదు. అస్సలు పడదు. మర్చిపోకు.”

“పప్పు పడనివాళ్ళు కూడా ఉంటారటే?”

“నాన్నా, హాస్యం కాదు.”

“సరే తల్లీ. పప్పు గాలి కూడా సోకనివ్వను, సరేనా?”

ఇక్కడే పడింది ముడి. మా ఇంట్లో పప్పు అంటే కుక్కర్లో ఉడికేది. వాళ్ళింట్లో పప్పు అంటే బాదం పప్పు, జీడిపప్పు, గుప్పెట్లో పోసుకుని కొరుక్కునేవి. అమ్మాయి అప్పటికే వాళ్ళ వాడుకలో పడిపోయింది. నేను నా వాడుకలోనే ఉన్నాను. ఇద్దరం మాట్లాడింది తెలుగే కదా అని నిశ్చింతగా ఫోన్లు పెట్టేశాం.

“వియ్యపురాలికి పప్పు పడదట,” అన్నాను మా ఆవిడతో.

“అయితే మీ సూప్ అటకెక్కినట్టే,” అంది. ఆ మాట అనడంలో కాస్త సంతోషం కూడా వినిపించింది. “బేరిపళ్ళు వచ్చే రోజులు. సలాడ్ చేద్దాం. కొయ్యడం, కలపడం. ఆ మాత్రం మీ చేతికి వస్తుందిలెండి.”

అలా వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది మహాతల్లి. ఇన్నేళ్ళూ నేను లోకం మీద చూపించిన ప్రతాపమంతా ఆ పూట నా మీద చూపించింది. “ఆకులు అలా పిండకండి, అవేం బట్టలు కావు. గుడ్డ మీద ఆరనివ్వండి.” “ముక్కలు కొయ్యగానే నిమ్మరసం చల్లండి, నల్లబడతాయి.” “ద్రాక్ష నిలువునా చీల్చండి.” “చీజ్ చాకుతో కాదు, వేళ్ళతో చిదపండి. అయ్యో, మరీ అంత పిండి చేస్తారా!” చేతికి కట్టు లేకపోతే లేచి నెత్తిన ఒకటి మొట్టేదే. నాకూ ఉక్రోషం వచ్చింది గానీ, పళ్ళెంలో ఆకుపచ్చ మీద తెల్లగా, ఎర్రగా అది తయారవుతుంటే ముచ్చటేసింది. నిజం చెప్పొద్దూ, నా సూప్‌కి అంత అందం ఎప్పుడూ లేదు.

“అక్రోట్లు వేయించి వేస్తే రుచి,” అంది మా ఆవిడ.

అక్రోట్లు వేయించాను. ఇల్లంతా కమ్మటి వాసన. అయితే నావి కట్టుడు పళ్ళు. గట్టి ముక్క తగిలిందంటే పైవరస నలుగురి ముందూ కిందికి దిగుతుంది. అందుకని అక్రోట్లను రోట్లో మెత్తగా దంచి, తేనె, నిమ్మరసం, నూనె, మిరియాలపొడిలో కలిపేసి సలాడ్ మొత్తానికీ పట్టించాను. ఎక్కడా పలుకన్నది కనిపించలేదు. నా తెలివికి నేనే భుజం తట్టుకున్నాను.

వాళ్ళు వచ్చారు. వియ్యపురాలు సన్నగా, నిటారుగా, గీత గీసినట్టు ఉంటుంది. నవ్వు కూడా కొలిచి నవ్వుతుంది. బేకరీ రొట్టె, ఉడికించిన బంగాళాదుంపలు, వేయించిన చేప, మధ్యలో నా సలాడ్. కూర్చునే ముందు అమ్మాయి నన్ను పక్కకు లాగింది.

“నాన్నా, పప్పు ఎందులోనూ లేదు కదా?”

“ఎన్నిసార్లు అడుగుతావే! డబ్బా మూత కూడా తియ్యలేదు.”

అమ్మాయి అత్తగారి వైపు చూసి తలూపింది. ఆవిడ పళ్ళెం ముందుకు జరిపింది. నేనే స్వయంగా సలాడ్ వడ్డించాను, అదీ కొసరి కొసరి. ఆవిడ ఫోర్కుతో ఒక బేరిపండు ముక్కా, చీజూ గుచ్చి పైకెత్తింది.

నేను ఊరుకుంటేనా! గొప్ప చెప్పుకోకపోతే నాకు అన్నం అరగదు.

“మీకోసం ఎంత త్యాగం చేశానో తెలుసా చెల్లెమ్మగారూ? మీకు పప్పు పడదని నా సూప్ మానేశాను.”

ఫోర్కు నోటి దగ్గర ఆగింది. “సూపులో పప్పులు ఎందుకు వేస్తారు అన్నయ్యగారూ?”

“పప్పు సూపేనమ్మా. ఎర్రపప్పు.”

“అయ్యో, ఎర్రపప్పా! అది రోజూ తింటాను,” అని నవ్వింది. “నాకు పడనివి ఆ పప్పులు కాదండీ. బాదం, జీడిపప్పు, అక్రోటూ...” అంటూనే ముక్కని నోట్లోకి తీసుకోబోయింది.

“బ్రేకు!”

ఆ కేక నాదే. కుడికాలు నేలని ఫట్‌మని తొక్కింది, చెయ్యి గాల్లోకి లేచి ఆవిడ చేతికి తగిలింది. ఫోర్కు ఎగిరి కిటికీకి తగిలింది. పళ్ళెం బోర్లాపడి బేరిపళ్ళు, ద్రాక్ష, చీజ్ అన్నీ ఆవిడ ఒళ్ళో పడ్డాయి.

“ఏమండీ! మతి పోయిందా?” అంది మా ఆవిడ.

“అందులో అక్రోట్లు ఉన్నాయి! దంచి కలిపాను! తిన్నారా? అమ్మా, నోట్లో పడిందా?”

అమ్మాయి ముఖం పాలిపోయింది. అత్తగారి సంచి కోసం పరిగెత్తింది. ఒక్క ముక్క లోపలికి వెళ్ళినా గొంతు వాచి ఊపిరి ఆడదనీ, అందుకే ఇంజక్షన్ ఎప్పుడూ వెంట ఉంచుకుంటారనీ అప్పుడు చెప్పింది, ఏడుస్తూ. నేను అక్కడే నేల మీద చతికిలపడ్డాను. నా చేతులతో, నవ్వుతూ, కొసరి కొసరి వడ్డించాను కదరా దేవుడా అనిపించింది.

“పెదవికి కూడా తగల్లేదు,” అంది వియ్యపురాలు. గొంతు మామూలుగానే ఉంది. లేచి, చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని వచ్చింది. మా ఆవిడ బట్టలిస్తే మార్చుకుంది. అవి ఆవిడకి గోనెసంచిలా వేలాడాయి. వచ్చి కూర్చుంది. భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందనుకున్నాను. అయిపోయింది, అమ్మాయి కాపురంలో నిప్పులు పోశాను అనుకున్నాను. తీరా చూస్తే ఆవిడ నవ్వుతోంది! కొలత లేదు, గిలత లేదు, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వుతోంది.

“బ్రేకు అన్నారేమిటండీ!” అంది ఆయాసపడుతూ.

నేను వెయ్యి దండాలు పెట్టాను. తప్పైపోయిందన్నాను. ఆవిడ నవ్వు మెల్లగా తగ్గింది గానీ కన్నీళ్ళు మాత్రం ఆగలేదు.

“నాకు పడదంటే మావాళ్ళు ఒక్కరూ నమ్మలేదు అన్నయ్యగారూ. ఒట్టి వేషాలన్నారు. ఏం కాదులే, ఒకటి తిను అని బలవంతం చేసేవారు. మా సొంత వదిన, నిజమో కాదో చూద్దామని, తెలియకుండా పొడి కొట్టి కలిపి పెట్టింది. నేను ఆసుపత్రిలో కళ్ళు తెరిచాను. అప్పట్నించి ఎక్కడికి వెళ్ళినా ఇంట్లో తినేసి వెళ్తాను. గర్వమంటారు. అననీ.” మా అమ్మాయి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. “మా నాన్న చూసుకుంటాడు అత్తయ్యా అని ఇది గట్టిగా చెబితే, ఇవాళే మొదటిసారి ఖాళీ కడుపుతో బయల్దేరాను.”

ఆ మాటకి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గుపడకుండా తుడుచుకున్నాను.

“పొరపాటు ఎవరైనా చేస్తారు,” అంది ఆవిడ. “తప్పు తెలిశాక కూడా, పరువు పోతుందనో, ఏం కాదులే అనో ఊరుకుంటారు. మీరు ఊరుకోలేదు.”

“అవన్నీ సరే, ఆకలేస్తోందా వదినగారూ?” అంది మా ఆవిడ.

“చచ్చేంత.”

పాత సలాడ్ గిన్నెతో సహా బయటికి పోయింది. వాడిన పళ్ళేలన్నీ పక్కన పెట్టి, బల్లనీ గట్టునీ వేడినీళ్ళతో తోమాం. కొత్త చాకు, కూరలు కోసే కొత్త పీట తీశాం. ఈసారి వంటింట్లో నాకు ముగ్గురు టీచర్లు. లెక్కల టీచరు బేరిపండుని ఎంత సమంగా కోసిందంటే, ఏ ముక్కా రెండోదానికి దాయాది కాదు, కవలే. ద్రాక్ష కడిగాం. విప్పని చీజ్ పొట్లం విప్పాం.

“కరకరమనేది ఏదైనా ఉంటే బావుండేది,” అంది మా ఆవిడ. “గుమ్మడి పప్పు...” అని నాలిక కరుచుకుంది.

“అది పడుతుంది,” అంది వియ్యపురాలు. “అది గింజ వదినగారూ.”

“ఈ ఇంట్లో ఇక దేన్నీ పప్పు అనడానికి వీల్లేదు!” అని నేను అరిచాను. పొట్లం మీద రాసింది అమ్మాయి రెండుసార్లు చదివాకే గుమ్మడి గింజలు గిన్నెలో పడ్డాయి.

ఆవిడ మొదటి ముక్క తింటుంటే గుడ్లప్పగించి చూశాను. నమిలింది. మింగింది. ఇంకో ముక్క గుచ్చింది. “మీరు ఊపిరి పీల్చుకోవచ్చు,” అంది నా వైపు చూడకుండానే. తర్వాత ఎవరూ అడక్కుండా గిన్నె తన వైపు లాక్కుని, మారు వడ్డించుకుంది. అమ్మాయి నన్ను చూసి నవ్వింది. పొద్దుటి నుంచి దాని ముఖం అంత తేలిగ్గా ఉండడం నేను చూడలేదు.

బయల్దేరేముందు ఆవిడ సంచి తెరిచి, ఇంజక్షన్లున్న పెట్టెలోంచి ఒకటి తీసింది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, మూత ఎలా తియ్యాలో, తొడ మీద ఎక్కడ ఆనించాలో, ఎంతసేపు నొక్కి పట్టాలో చూపించింది. నాచేత రెండుసార్లు అప్పజెప్పించుకుంది.

“ఇలాంటివి మా ఇంట్లో ఒకటి, స్కూల్లో ఒకటి ఉంచాను. చుట్టాలెవరింట్లోనూ ఉంచలేదు. ఇది మీ దగ్గర ఉండనివ్వండి.”

“ఎందుకమ్మా? ఇక జన్మలో అలాంటి పొరపాటు జరగనిస్తానా?”

“జరగదులెండి,” అంది చెప్పులు వేసుకుంటూ. “అయినా నేను వస్తూ పోతూ ఉంటాను కదా.”