సర్కారుకు అప్పగింత

ఆ రోజు ఇంట్లో ఎవరెవరు ఉన్నారంటే, అత్త ముత్తవ్వ ఉంది, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ. భర్త సిద్ధిరాములు ఉన్నాడు, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా నలుగుతుందని కూర్చోకుండా గోడ పక్కనే నిలబడి. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో సూపర్‌వైజర్ భూమేశ్ ఉన్నాడు. ముందర అర్రలో, గోడకు కొత్తగా అంటించిన కూరగాయల బొమ్మల కింద బాలవాడి టీచరు సత్యమ్మ ఉంది. ఆమె చుట్టూ పిల్లలు. వాళ్ళ తల్లులు కొందరు నాట్లకు పోయారు, కొందరు బీడీల కార్ఖానాకు పోయారు. పిల్లలందరిలో చిన్నది తాహేరా బిడ్డ జులేఖా, నేల మీద దించితే ఏడుస్తుంది కాబట్టి చంకలో ఉంది. ఆ చంక గంగమణిది. ఈ ఇంట్లో ఎవరున్నారని ఎవరడిగినా గంగమణి పేరు చివరికే వస్తుంది, అదీ చెప్పేవాళ్ళకు గుర్తుంటే.

"జీపు కామారెడ్డిల ఎల్లిందంట" అన్నాడు భూమేశ్. "గంగమణీ, జర ఇటు విను. ఆ మేడమోళ్ళు నువ్వెవలని అడిగితే ఏమంటవ్?"

"ఈ ఇంటి కోడల్ని అంట సారూ."

"ఏం పని జేస్తవ్ అంటే?"

"ఏం జెయ్య. ఇంట్ల ఊకెనే ఉంట."

"శభాష్. గంతే. ఇంకో మాట మాట్లాడకు."

అవి మండలాలు కొత్తగా వచ్చిన రోజులు. ఎక్కడో విదేశంలోని ఒక సంస్థ ఎల్లారెడ్డి చుట్టుపక్కల బాలవాడులు పెట్టించింది. కొన్నేళ్ళు తాము నడిపి, ఎట్లా నడపాలో సర్కారు మనుషులకు నేర్పి, సర్కారు తన కాళ్ళ మీద తాను నిలబడిందని నమ్మకం కుదిరాక అప్పగించి వెళ్ళిపోవాలని వాళ్ళ ఒప్పందం. ఆ నమ్మకం కుదిరిందో లేదో చూసి, కుదిరితే అప్పగించడానికే ఇవాళ జీపు వస్తోంది. నేర్పడమంటే కామారెడ్డిలో ట్రైనింగులు. సత్యమ్మకు ట్రైనింగు, భూమేశ్‌కు ట్రైనింగు, భూమేశ్ మీది అధికారులకు ఇంకా పెద్ద ట్రైనింగు. ఒకటి అయిపోయేలోపల ఇంకొకటి పిలిచేది. సత్యమ్మ చెడ్డ మనిషి కాదు. పిలిచిన చోటికి పోకపోతే ఆమె కొలువు ఉండదు.

బాలవాడి మాత్రం సిద్ధిరాములు ఇంటి ముందర అర్రలో ఉంది. టీచరు కామారెడ్డికి పోయిన నాడు పిల్లల్ని ఎవరు చూడాలన్న మాట మొదటిసారి వచ్చినప్పుడు సిద్ధిరాములు ఆలోచించనైనా ఆలోచించలేదు. "మా ఆమె ఇంట్ల ఊకెనే ఉంటది గదా సారూ, చూస్తది" అన్నాడు. అర్ర కిరాయి అతని పేరు మీదే వస్తుంది. అర్రతో పాటు గంగమణి కూడా ఆ కిరాయిలోనే పోయిందని ఆమెకు తెలియడానికి చాలా రోజులు పట్టింది. పొద్దున్నే బోరింగు దగ్గర నీళ్ళు పట్టడం, అర్ర అలకడం, గోధుమరవ్వ పురుగులు ఏరి వండటం, వచ్చిన పిల్లల ముక్కులు తుడవడం, దొడ్డికి పోయిన వాళ్ళను కడగడం, జ్వరం వచ్చిన వాణ్ణి ఎత్తుకుని వాళ్ళ అమ్మ ఏ పొలంలో ఉందో వెతుక్కుంటూ గట్ల వెంట నడవడం. సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక ఇంటి పని మొదలయ్యేది. "పొద్దంత పిలగాండ్లతోని ఆడుకుంటవ్, గింత కూర వండెటందుకు నీకేం రోగం?" అని మొగుడు. "నేను చుట్టిన బీడీలకు కార్ఖానాల లెక్కున్నది. నువ్వు కడిగిన ముడ్లకు ఏడున్నదే లెక్క?" అని అత్త. అత్త ఆ మాట అని నవ్వేది కూడా. గంగమణికి ఆ నవ్వు మీద కోపం వచ్చేది కాదు. అది నిజమే కదా, ఎక్కడ ఉంది లెక్క అని ఆమే ఆలోచనలో పడేది. ఊకెనే అనే మాటకు ఇక్కడ రెండు అర్థాలు. పనీపాటా లేకుండా ఉంటే ఊకెనే ఉండటం. ఏమీ తీసుకోకుండా చాకిరీ చేస్తే ఊకెనే చేయడం. తన దగ్గరికి వచ్చేసరికి ఈ రెండూ ఒకటెట్లా అయ్యాయో ఆమెకు అర్థమయ్యేది కాదు.

ఇన్నాళ్ళు ఆమె ఓర్చుకున్నది ఒక్క మాట కోసం. "అప్పగింత కానియ్. బాలవాడి సర్కారు చేతికొచ్చినంక ఆయా కొలువు వస్తది. రాసేది నీ పేరే" అన్నాడు భూమేశ్ ఒకనాడు, ఆమె ఇచ్చిన చాయ్ తాగుతూ. ఆ తర్వాత పొయ్యి ఊదేటప్పుడు ఎవరూ వినకుండా గంగమణి ఆ మాట మెల్లగా అనుకుని చూసుకునేది: ఆయా గంగమణి. నాట్లేసే వాళ్ళ పనికి పేరుంది. బీడీలు చుట్టే పనికి పేరుంది. తన పనికి కూడా ఒక పేరు వస్తే, మొగుడు ఇంట్ల ఊకెనే ఉంటది అన్నప్పుడు తలెత్తి చూడొచ్చు. అంతకు మించి ఆమె ఏమీ కోరుకోలేదు.

జీపు వచ్చింది. ముందు హైదరాబాద్ మేడం దిగింది, వెనక ఒక తెల్లామె. దర్వాజ తగలకుండా తెల్లామె బాగా వంగి లోపలికి వచ్చి అందరికీ దండం పెట్టింది. భూమేశ్ కనుసైగ చేశాడు. గంగమణి జులేఖాను సత్యమ్మ చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళి నిలబడింది. సత్యమ్మ పిల్లను తూకం సంచిలో కూర్చోబెట్టగానే జులేఖా గుక్కపట్టి ఏడ్చింది.

"కొత్తోళ్ళను చూసి బయపడుతున్నది మేడం" అన్నాడు భూమేశ్.

పిల్ల కొత్తవాళ్ళ వైపు చూడటమే లేదు. వంటింటి వైపే చూస్తూ ఏడుస్తోంది. తలుపు సందులోంచి గంగమణి అది చూసి చీర కొంగు పిడికిట్లో నలిపేసుకుంది.

"మేం వెళ్ళిపోయినా మీరు సొంతంగా నడపగలరా?" అని మేడం అడిగింది. నడపగలం అని సత్యమ్మ నేర్పినట్టే చెప్పింది. తెల్లామె నవ్వి ఏదో రాసుకుంది. అంతా సాఫీగా అయిపోయేదే, అప్పుడే వాకిట్లో గాజుల చప్పుడు వినిపించకపోతే.

వాడకట్టు ముసలమ్మ భూదవ్వ, ఆమె వెనక నలుగురైదుగురు ఆడవాళ్ళు. భూదవ్వ చేతిలో ఇత్తడి పళ్ళెం, పళ్ళెంలో పాలు. ఇంకొకామె చేతిలో పసుపు కలిపిన బియ్యం.

"ఇదేంది భూదవ్వా?" అని భూమేశ్ కుర్చీలోంచి లేచాడు.

"నువ్వే గదా సారూ, రేపు అప్పగింత, నలుగురు ఆడోళ్ళను పిలువుమని ముత్తవ్వకు చెప్పింది! పాలు లేకుంట అప్పగింత ఎట్లయితది? ఏదీ, పిల్లేది?"

"పిల్ల లేదు, పిలగాడు లేడు! బాలవాడిని సర్కారుకు అప్పగిస్తున్నరు."

"గదే నేనంటున్న. తెల్లామె తల్లిగారు, సర్కారు అత్తగారు. నడుమ పిల్లేదంటే చెప్పవేంది?"

ఆడవాళ్ళంతా పక్కున నవ్వారు. ముత్తవ్వ చాట పక్కన పెట్టి మరీ నవ్వింది. మేడం నవ్వు ఆపుకుంటూ తెల్లామెకు సంగతి చెప్పింది. ఆమె మొహం వెలిగిపోయింది. మీ ఆచారం ప్రకారమే చేద్దాం, ఎవరిని అప్పగించాలో చూపించమన్నది.

భూదవ్వ సత్యమ్మను చూసింది. గోడ మీది వంకాయ బొమ్మను చూసింది. తర్వాత తిన్నగా వంటింట్లోకి పోయి గంగమణి చెయ్యి పట్టి బయటికి గుంజుకొచ్చింది.

"ఇంకెవలు, గంగమణే. ఈమె లేకుంటె ఈడ అప్పగించెటందుకు ఏమున్నది?"

తెల్లామె గంగమణి చేతిని పాలలో ముంచి, సర్కారు తరఫున ఉన్న భూమేశ్ చేతిలో పెట్టింది. భూమేశ్ మొహం మాడిపోయింది. చేతులు పాలల్లో మునగడం చూస్తే ఏడుపు వచ్చే అలవాటు కొద్దీ ఇద్దరు ముసలమ్మలు కళ్ళొత్తుకున్నారు. గంగమణికి తన పెళ్ళినాటి పాలు గుర్తొచ్చాయి. ఆ రోజు కూడా ఇట్లాగే ఎవరో తన మణికట్టు పట్టుకున్నారు, ఎవరి చేతిలోనో పెట్టారు. ఇష్టమేనా అని అప్పుడూ ఎవరూ అడగలేదు.

మేడం నవ్వు ఆగిపోయింది. "నువ్వు ఇక్కడ ఏం చేస్తావమ్మా?" అని అడిగింది.

ఊకెనే ఉంట మేడం. మాట నాలుక మీదే ఉంది. భూమేశ్ చూస్తున్నాడు, మొగుడు చూస్తున్నాడు. కానీ అడిగిన గొంతు వేరు. ఏం చేస్తావని ఇంతవరకు ఆమెను నిజంగా తెలుసుకుందామని అడిగిన మనిషి లేదు. గంగమణి తల వంచుకునే చెప్పింది.

"అంత నేనే జేస్త మేడం. వండుడు, కడుగుడు, పండబెట్టుడు. టీచరమ్మ పాపం ట్రైనింగుల్ల ఉంటది. సార్లు నెలకోపారి వస్తరు. మీరు వస్తరంటె ఈ బొమ్మలు నిన్న అంటించిండ్రు. సర్కారంటె ఎవలో నాకు తెల్వది. పిల్లలకు తెలిసింది నేనే."

సిద్ధిరాములు దగ్గాడు. మేడం చాలాసేపు తెల్లామెకు చెప్పింది. వింటూ వింటూ తెల్లామె కళ్ళు తడయ్యాయి. ఆమె గంగమణి రెండు చేతులూ పట్టుకుని ఏదో అన్నది. గంగమణికి ఆ భాష రాదు కానీ ఆ కళ్ళు మంచివని తెలుస్తూనే ఉంది. అయిపోయింది, తన పేరు రాస్తారు అనుకుంది.

"ఆమెకు చాలా సంతోషంగా ఉందమ్మా" అన్నది మేడం. "ఎన్నో దేశాలు చూసింది కానీ ఊరు సర్కారుకు ఇంత అండగా నిలబడటం ఎక్కడా చూడలేదంట. సర్కారు దీన్ని బాగా నడపగలదని రాస్తుందంట. ఇట్లాంటి తోడు ఉన్నప్పుడు కొత్త కొలువులు పెట్టి సర్కారు మీద భారం వేయాల్సిన అవసరం కూడా లేదని రాస్తుందంట."

గంగమణికి వెంటనే అర్థం కాలేదు. "మరి ఆయా కొలువు, మేడం?"

మేడం చేతిలో కాగితాలు సర్దుకుంటూ, ఆమె మొహం చూడకుండా, మెల్లగా అన్నది: "నువ్వు చేస్తూనే ఉన్నావు కదమ్మా."

జీపు కదిలేముందు భూమేశ్ వెనక్కి వచ్చాడు. అతనికి కోపం పోయింది, పని గట్టెక్కింది కదా. "నీ నోటితోని నువ్వే చెప్పుకుంటివి గంగమణీ. ఊకెనే చేసే మనిషి ఉండంగ సర్కారు కొలువెందుకిస్తది?" అని, సిద్ధిరాములు భుజం తట్టి జీపెక్కాడు. సత్యమ్మ కూడా ఎక్కింది. రేపు ఆమెకు కామారెడ్డిలో ట్రైనింగు. ఎక్కేముందు గంగమణి వైపు ఒకసారి చూసి తల దించుకుంది. పళ్ళెం తీసుకుని భూదవ్వ వాళ్ళూ వెళ్ళిపోయారు.

గంగమణి గడప దిగి వాకిట్లో అరుగు మీద కూర్చుంది. చేతి మీద పాలు ఎండి చర్మం బిగుసుకుంటోంది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పినందుకు పేరు లేదనుకుంది. ఇవాళ నిజం చెప్పింది. నిజం విని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఆ నిజాన్నే తీసుకుపోయి సర్కారు బలం కింద రాసుకున్నారు. ఇంక చెప్పడానికి తన దగ్గర ఏం మిగిలింది?

"గట్లెందుకు కూసున్నవ్?" అన్నాడు సిద్ధిరాములు గడపలోంచి. "పిల్లలకు పెట్టు."

"నేను పెట్ట."

"ఏందీ?"

"పెట్ట. రేపు గూడ పెట్ట."

ముత్తవ్వ చాటతో సహా లేచి వచ్చింది. "ఏమే, పాలల్ల చెయ్యి ముంచంగనే దొరసానివైనవా? మరి పిలగాండ్లను ఎవలు చూస్తరే?"

"సర్కారు చూస్తది అత్తమ్మా" అన్నది గంగమణి. గొంతు పెంచలేదు. "ఇయ్యాలనే గద అప్పగించిండ్రు. నేను రేపటి సంది నీ పక్కన కూసోని బీడీలు చుడుత. దానికి లెక్కున్నది."

ముత్తవ్వ చాట కింద పెట్టి ఆమె వైపు చూసింది. కోడలి మొహంలోకి అట్లా చూసి ఎన్నేళ్ళయిందో.

"కిరాయి పోతదే! పిల్లల్ని చూసెటోళ్ళు లేకుంటె ఈ అర్ర ఎవలికి గావాలె?" అని సిద్ధిరాములు అరిచాడు. గంగమణి లేవలేదు. "పిలగాండ్లను చూడనిదానివి లోపలికెందుకు? ఆడనే కూసో" అన్నాడు మొగుడు.

లోపల ఒక పిల్ల ఏడుపు మొదలైంది. అది జులేఖా. ఆకలి ఏడుపు కాదు, ఎత్తుకోమనే ఏడుపు. అన్న మాట మరిచిపోయి గంగమణి లేచింది, గడప దాకా వచ్చింది, రెండు చేతులూ ముందుకు చాచింది. సిద్ధిరాములు తలుపు వేశాడు.