ఇస్త్రీ చేసిన అర్జీ

ఇస్త్రీపెట్టె పట్టుకునే ముందు రోజూ దేవుడికి దండం పెట్టుకునే ఆ మనిషికి ఏళ్ల తరబడి ఒక సందేహం. గతిలేక ఆడిన అబద్ధాన్ని దేవుడు చూసీ చూడనట్టు వదిలేస్తాడా? "రేపు తప్పకుండా ఇస్తానండీ" అని వచ్చినవాళ్లందరికీ చెప్పే నోరు మరి.

ఆ మధ్యాహ్నం హోటల్ దుప్పట్లు నడుమెత్తున పేరుకుని ఉన్నాయి. కూతురు లోపల మొహం కడుక్కుంటోంది. యూనివర్సిటీలో ఒక సబ్జెక్టు వదులుకుంటానని అర్జీ పెట్టాలి. గడువు దాటిపోయింది. పెద్దలు దయతలిస్తే సరి, లేదంటే ఆ సబ్జెక్టు తప్పినట్టే. తప్పితే ఫీజు రాయితీ పోతుంది, రాయితీ పోతే చదువే పోతుంది. పొద్దున పని తొందరలో చదవకుండానే అతను బట్టల గుర్తుల పెన్నుతో అడుగున సంతకం పెట్టాడు. ఇప్పుడా కాగితం సంచిలో నలిగి, బల్ల మీద పడి ఉంది. నలిగిన గుడ్డను చూస్తే ఊరుకోని చెయ్యి, కాగితాన్ని చూసి ఊరుకుంటుందా?

పరిచి, పెట్టె ఆనిస్తూ చదివాడు. "మా నాన్నగారు పక్షవాతంతో మంచం పట్టినందున క్లాసులకు రాలేకపోయాను..."

అతని చూపు ఆ మాట దగ్గరే ఆగిపోయింది. చెయ్యి మాత్రం అలవాటుగా కదిలింది. పెట్టె వెనకాలే అక్షరాలు వరుస తర్వాత వరుస మాయమయ్యాయి. తెల్ల కాగితం, అడుగున అతని సంతకం మిగిలాయి.

"అమ్మాయ్, ఇలా రా! దేవుడు చెరిపేశాడే!"

కూతురు పరుగున వచ్చి తల పట్టుకుంది. "దేవుడు కాదు నాన్నా, నీ ఇస్త్రీ! అది వేడి తగిలితే చెరిగిపోయే పెన్ను." అంతలోనే గొంతు తగ్గింది. "చదివావా?"

"మంచం పట్టానటగా."

ఆమె తల ఎత్తలేదు. "యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా అలా రాయమన్నాడు. జబ్బంటే జాలిపడతారట. పొద్దున్నే దుప్పట్ల మూట మోస్తున్నానని రాయడానికి సిగ్గేసింది నాన్నా."

ఆ సిగ్గు ఎవరిదో అతనికి తెలుసు. "పొద్దుటి పూట నీ చదువుదే, నేను ముట్టుకోను" అని కాలేజీలో చేర్చిన రోజు మాటిచ్చింది తనే. వారం తిరక్కుండా ఆమె నెత్తికి మూట ఎత్తిందీ తనే.

వీధిలోంచి హోటల్ సూపర్‌వైజర్ కేకేశాడు. "పెద్దాయనా, రేపు ఇంకో మూట ఎక్కువుంది. పిల్లను పెందలాడే పంపు!"

"పిల్ల రాదండీ. క్లాసుంది."

"అయితే ఇంకొకణ్ణి చూసుకోమంటావా?"

"చూసుకోండి." మాట వెనక్కి తీసుకోలేదు.

బట్టలకు గుర్తులు పెట్టే నల్ల పెన్ను కూతురి చేతికిచ్చాడు. "దీంతో రాయి, ఉతికినా పోదు. మా నాన్న మాట తప్పి మూటలు మోయించాడని రాయి."

"నీ పరువేం కాను?"

"సంతకం ముందే పెట్టానుగా, రాయి" అని, ఆనాటి మూట తన నెత్తికెత్తుకుని వీధిలోకి దిగాడు.