బొగ్గు పూసిన గొర్రె

బొమ్మలో గొర్రె తెల్లగా ఉంది.

ఉతికి ఆరేసినట్టు తెల్లగా... కాళ్లకు మట్టి అంటకుండా, పచ్చగడ్డిలో ఒక్కటే నిలబడి ఉంది. దళసరి అట్ట. నున్నటి పుట. వేలు పెడితే చల్లగా తగులుతుంది.

"ఇదేంది బిడ్డా?"

శ్రేయ చూడదు.

"ఇదేంది?"

చూసినా చెప్పదు.

కరుణ అడుగుతూనే ఉంది. మూడు వారాలుగా అదే పుట, అదే గొర్రె, అదే ప్రశ్న. అడిగీ అడిగీ నోరు నొచ్చింది. అయినా అడుగుతుంది. అడగకపోతే ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు.

శ్రేయకు మూడేళ్లు నిండి నాలుగో ఏడు నడుస్తోంది. ఇంతవరకూ ఒక్క మాట లేదు. అమ్మ అని లేదు. తాత అని లేదు. ఆకలేస్తే చెయ్యి పట్టి గిన్నె దగ్గరికి లాక్కుపోతుంది, అంతే. చెవులు చూపించారు — బాగానే వినబడుతున్నాయన్నారు. నాలుక చూపించారు — ఏ లోపమూ లేదన్నారు. మరి మాటెందుకు రాదు? ఆ ఒక్కటీ ఎవరూ చెప్పలేదు.

అడిగేవాళ్లకు మాత్రం కొదవ లేదు. ఇంకా మాటలు రాలేదా, ఇంకా రాలేదా అని బస్సులో అడుగుతారు, కిరాణా కొట్టులో అడుగుతారు, పెళ్లిలో విస్తరి ముందు కూర్చున్నా అడుగుతారు.

అలిసిపోయింది కరుణ.

ప్రతి బుధవారం పొద్దున తాండూరులో రైలెక్కుతుంది. వికారాబాదులో దిగుతుంది. అక్కడ మాటలు రాని పిల్లల కోసం ఒక గది. గదిలో చాప. చాప మీద రెబెక్క మేడం. మాటలు నేర్పే మనిషే గానీ తాను తక్కువ మాట్లాడుతుంది. మొదటి రోజే ఈ బొమ్మల పుస్తకం చేతిలో పెట్టి, ఇంటికి తీసుకుపోయి నెల తర్వాత తిరిగి ఇమ్మంది. పిల్లకు పరీక్ష పెట్టొద్దంది. పక్కన కూర్చుని, పిల్ల దేన్ని చూస్తే తానూ దాన్నే చూడమంది. చూసి, కాసేపు ఆగమంది.

ఆగడమట!

పొద్దున లేచింది మొదలు ఎక్కడ ఆగింది గనక కరుణ? భర్త ఈశ్వర్ రాళ్ల లారీ మీద పోతే పది రోజులకొకసారి ఇంటి ముఖం చూస్తాడు. ఇల్లు ఆమెదే, పిల్ల ఆమెదే, పాలిషింగు యూనిట్లో పనీ ఆమెదే. పైగా పుస్తకం అంటే చదివి వినిపించొచ్చు అనుకుంది. పదో తరగతి పాసైన మనిషి. తీరా తెరిచి చూస్తే లోపల ఒక్క అక్షరం లేదు. కోడి ఉంది, కుక్క ఉంది, గొర్రె ఉంది. చదవడానికేమీ లేని పుస్తకంతో ఏం చేస్తారు ఎవరైనా? అడుగుతారు.

ఇదేంది? ఇదేంది?

రోజంతా నాపరాళ్లు. రాయి అరిగే రొద. బూడిదరంగు నీళ్లు — చెప్పుల్లో, గోళ్లలో, కనుబొమ్మల్లో. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు మూడుసార్లు సబ్బుతో కడుగుతుంది. తడి ఆరేదాకా గాలికి చాపుతుంది. అప్పుడు గూట్లోంచి పుస్తకం తీస్తుంది. దానికి పేపరు చుట్టి, దారం కట్టి పెట్టింది. మనది కాదు కదా. ఒక్క మరక పడ్డా ఏ ముఖం పెట్టుకుని తిరిగిస్తుంది?

ఇంటి వెనక దొడ్డిలో నిజం గొర్రెలు ఎనిమిది ఉన్నాయి, అన్నీ నల్లవే. మామ ఈరయ్యవి. మందను పిలవాలంటే ఈరయ్య నాలుకను అంగిట్లో ఆడించి ఒక కూత తీస్తాడు — ట్ర్ర్ర్... ట్ర్ర్ర్... ఆ కూతకు ఎంత దూరాన ఉన్న గొర్రె అయినా తల తిప్పుతుంది. శ్రేయ చంటిపిల్లగా ఉన్నప్పుడు ఏడుపు మాన్పించిందీ ఆ కూతే.

యూనిట్లో ఆడవాళ్లు ఒకరోజు నవ్వుకుంటూ అన్నారు, గొర్రెల కూతలు విని పెరిగిన పిల్లకు మనుషుల మాటలెట్లా వస్తాయని. కరుణ నవ్వలేదు. ఇంటికొచ్చి మామ ముందు నిలబడింది.

"పిల్ల ముందట గా కూతలు కూయకు మామా. మనుషుల మాటలు చెప్పు."

ఈరయ్య గొంగడి భుజాన వేసుకుని లేచిపోయాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఆ కూత లేదు. పొద్దున మందను చేతికర్రతోనే తోలుకుపోయేవాడు, వాగు దాటిన తర్వాతే నోరు విప్పేవాడు. మధ్యాహ్నానికి మందను దొడ్డికి చేర్చి, అంగన్‌వాడీ నుంచి పిల్లను తెచ్చి కాపలా కూర్చునేవాడు — మూగగా. మనుషుల మాటలు ఆయనకు మాత్రం ఎన్ని వచ్చు?

శ్రేయ రోజూ పొద్దున్నే గడపలో నిలబడి వాగు వైపు చూస్తుంది. పిలిస్తే తిరగదు. అట్లా ఎటో చూడటమే రోగం అన్నారు ఎవరో. కరుణ భుజం పట్టి ఇటు తిప్పేది. పిల్ల మళ్లీ అటే తిరిగేది.

మంగళవారం వచ్చింది. మర్నాడు పుస్తకం తిరిగివ్వాలి. నెల నిండింది, మాట రాలేదు. కరుణ చేతులు కడిగింది. చాపింది. గూట్లో చెయ్యి పెట్టింది. దారం ఊడి ఉంది.

బొమ్మలో గొర్రె నల్లగా ఉంది.

పొయ్యిలో బొగ్గు. బొటనవేలితో రుద్ది, ఒళ్లంతా పులిమిన బొగ్గు. గడ్డి మీద కూడా పడింది.

కరుణకు కోపం నషాళానికంటింది. నెల రోజులు కంటికి రెప్పలా కాచుకున్న పుస్తకం! పిల్ల పని కాదిది. వాకిట్లో కూర్చున్న ఈరయ్య బొటనవేలు ఇంకా నల్లగానే ఉంది.

"గిదేం పని మామా? పుస్తకం మనదా?"

ఈరయ్య వేలు గొంగడికి తుడుచుకున్నాడు.

"గొర్రె తెల్లగుంటదా బిడ్డా? పిల్ల ఎన్నడన్న చూసిందా గసుంటిదాన్ని? ఎర్కలేనిదాన్ని ఏమని చెప్తది?"

కరుణ వినలేదు. కొంగు తడిపి తుడవబోయింది. నలుపు ఇంకా పాకింది. ఏడుపొచ్చింది. మళ్లీ తుడిచింది.

చిన్న చెయ్యి వచ్చి ఆమె చేతిని తోసేసింది.

శ్రేయ పుస్తకాన్ని ఒళ్లోకి లాక్కుంది. నల్లగొర్రె నుదుటి మీద వేలు పెట్టింది. అక్కడ గోరంత మేర బొగ్గు లేదు, తెలుపు వదిలేసి ఉంది. దొడ్డిలో ఒక గొర్రెకు నుదుట అట్లాంటి చుక్కే ఉంది. ఈరయ్య దాన్నే గీశాడు.

శ్రేయ నోరు తెరిచింది.

ట్ర్ర్ర్...

ఇంటి వెనక నుంచి ఒక గొర్రె అరిచింది.

శ్రేయ తల తిప్పింది. విన్నది. మళ్లీ వేలు పెట్టింది. ట్ర్ర్ర్... మళ్లీ గొర్రె అరిచింది. నవ్వింది పిల్ల — లోపలి పళ్లన్నీ కనబడేలా నవ్వింది.

కరుణ మామ వైపు చూసింది. ఈరయ్య పెదాలు బిగించి నేల చూస్తున్నాడు. కూయొద్దన్నది ఆమే కదా. కూయమని ఆమే చెప్పాలి. ఒక్క మాట. నాలుక చివరిదాకా వచ్చింది... పెగల్లేదు.

మాటలు రానిది ఎవరికి?

బుధవారం పొద్దున. ఈరయ్య మందను తోలుకుని పోయాడు. కరుణ జడ వేస్తుండగానే శ్రేయ లేచి గడపలోకి వెళ్లింది. వాగు వైపు తిరిగింది. ఈసారి కరుణ భుజం పట్టుకోలేదు. దువ్వెన చేత్తోనే పక్కన నిలబడింది. పిల్ల చూసిన వైపే చూసింది.

ఏమీ లేదు. కంది చేలు. పొగమంచు. కాసేపటికి, వాగు అవతల, ఎక్కడో...

ట్ర్ర్ర్...

అయ్యో. ఇన్నాళ్లూ పిల్ల ఎటో చూడటం లేదు. వింటోంది. రోజూ ఇదే వేళకు తాత కూత కోసం గడపలో కాచుకుని నిలబడుతోంది. ఆ పిల్లను రోజూ భుజం పట్టి ఇటు తిప్పింది తానే.

రైలెక్కారు. కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురుగా ఒక ముసలమ్మ ఎవరితోనో ఫోన్‌లో కన్నడం మాట్లాడుతోంది. పుస్తకం తిరిగిస్తే రెబెక్క మేడం ఏమంటుందో తెలియదు. ఇది మాటేనా, కాదా — అదీ తెలియదు. మాట ఈ వారం కాకపోతే ఎప్పుడొస్తుందో, ఎప్పటికైనా వస్తుందో... ఏమీ తెలియదు. ఒళ్లు పచ్చిపుండులా ఉంది. కళ్లు మూతలు పడుతున్నాయి.

ఒళ్లో శ్రేయ పుస్తకం తెరిచింది.

కరుణ ఇదేంది అని అడగలేదు. ఆగింది. ఓపిక ఉండి కాదు, అడిగే ఓపిక లేక.

శ్రేయ నల్లగొర్రె మీద వేలు పెట్టింది. తలెత్తి అమ్మ నోటి వైపు చూసింది. చూస్తూనే ఉంది. నెల రోజులు కరుణ తన వైపు ఎట్లా చూసిందో, అచ్చం అట్లా.

కరుణ పెదాలు తడుపుకుంది. ముసలమ్మ వింటుందేమో... నవ్వుతుందేమో... నాలుక మడిచింది. ఊదింది.

గాలి వచ్చింది. కూత రాలేదు.

శ్రేయ తల అడ్డంగా ఊపింది. నోరు పెద్దగా తెరిచి తన నాలుక చూపించింది. నిదానంగా, తెలియని వాళ్లకు చెప్పినట్టు — ట్ర్ర్ర్...

ముసలమ్మ ఫోన్ దించి ఇటు చూసింది. చూడనీ.

రైలు ధారూరు దాటింది. బయట కంది చేలు వెనక్కి పోతున్నాయి. శ్రేయ మళ్లీ వేలు పెట్టింది. మళ్లీ తలెత్తింది. తొందరేమీ లేదు పిల్లకు. ఆగింది.

కరుణ మళ్లీ నాలుక మడిచింది.

బొమ్మలో గొర్రె నల్లగా ఉంది... నుదుట గోరంత తెల్లగా... దాని మీద చిన్న వేలు, కదలకుండా.