పైలట్ ట్రాక్

అయినా శాలువా కప్పేటప్పుడు నవ్వాలా, తల వంచుకోవాలా, ముప్పై ఏళ్లుగా ఎవరెవరికో నవ్వడం నేర్పిన డైరెక్టర్ లక్ష్మీకాంత్‌కు తన మొహం ఎలా పెట్టుకోవాలో తోచడం లేదు, సాయంత్రం హిందూపురంలో సన్మానం, అంతకుముందు పెనుకొండలో పుట్టమ్మ దినాలు, ధర్మవరంలో కారెక్కినప్పటినుంచి ఇదే గోల, ఆ మనిషి పోయిందని కూడా సన్మానం వాళ్లు మాటల్లో చెబితే తెలిసింది, సిగ్గుచేటు, స్టేజీ మీద పద్దెనిమిదేళ్లు తన ప్రతి నాటకానికీ ఆమే నాయిక, మైకు చెడిపోయిన రోజున కూడా చివరి వరుసలో శెనక్కాయలు ఒలుచుకునేవాడి చెయ్యి ఆగిపోయేది ఆ గొంతుకు.

అదిగో కొండ, ఆ కోటగోడ కిందే తన తొలి సినిమా తొలి షాటు, తల్లి వేషం పుట్టమ్మది, యాడికి పోతాండావు నాయనా, నన్నీడ ఇడిసిపెట్టి, అంటే లైట్లు పట్టుకున్నవాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారు, ఆ మాట పైలట్ ట్రాకులో పడింది, తర్వాత డబ్బింగుకు ఆనవాలుగా ఉంటుందని షూటింగులో పట్టుకునే కచ్చా శబ్దం, నిర్మాత విని మొహం చిట్లించాడు, ఈ యాస నాలుగు జిల్లాలు దాటదయ్యా, వేరేవాళ్లతో చెప్పిద్దాం, తనేమన్నాడు, సరే సార్ అన్నాడు, పుట్టమ్మకు చెప్పే ధైర్యం లేక ఊరుకున్నాడు, ఆమేమో వీధి వీధంతా వెంటేసుకుని హిందూపురం థియేటరుకు వచ్చింది, తెరమీద ఆమె నోరు తెరుచుకుంది, అందులోంచి ఎవరిదో పట్నం గొంతు, బయటికొచ్చి తిట్టలేదు, బాగుండాదప్పా, ఆయమ్మ ఎవరో బాగా సెప్పింది, అంది, మళ్లీ స్టేజీ ఎక్కలేదు, తిట్టి ఉంటే బతికిపోయేవాడు.

పుట్టమ్మ ఇంటి ముందు షామియానా కింద దండ వేసిన ఆమె ఫోటో, తన సినిమాలోదే, అదే కోటగోడ, అదే తెరిచిన నోరు, చూడలేక చెప్పులు వెతుక్కుంటుంటే చంటిబిడ్డను ఎత్తుకుని పుట్టమ్మ మనవరాలు సాయిశ్రీ అడ్డమొచ్చింది, సార్, మా అవ్వ గొంతు యాడా లేదు సార్, ఎవురన్నా రికార్డు చేసేకి ఫోన్ ముందర పెడితే నోరు మూసుకుంటాండె, కొండకాడ మీరు రికార్డు చేసినారంట గదా, అది మీ కాడ ఉండాదా, నా బిడ్డకు ఇనిపించల్ల.

నిర్మాత, అంటూ నోరు తెరిచాడు, ఇన్నేళ్లూ ఎవరడిగినా ఆ పేరే చెప్పి తప్పించుకున్నాడు, కానీ నిర్మాత గొంతు మార్చమన్నాడే గాని చెరపమనలేదు, డబ్బింగ్ అయిన మర్నాడు ఎడిటర్ అడిగాడు, సార్, పైలట్ ఉంచమంటారా, డిస్కులో చోటు చాలడం లేదు, తాను టీ తాగుతున్నాడు, ఆ గొంతు మళ్లీ వినాల్సి వస్తుందేమోనని భయం, అటు తిరగకుండానే తీసెయ్ అన్నాడు, పక్కన ఎవరూ లేరు, ఒత్తిడి చేసినవాళ్లూ లేరు, అమ్మాయి ఇంకా చూస్తూనే ఉంది, పట్నంలో ఎన్నడో వదిలేసుకున్న ఊరి యాస నోట్లోంచి దానంతటదే వచ్చింది, లేదమ్మా, నేనే చెరిపేయమంటి.