హాజరు పిలిచే గోడ

పట్నంలోని యూనివర్సిటీ రాతి భవనం రోజూ పొద్దున పదింటికి హాజరు పిలుస్తుంది. తనను కట్టిన కూలీల పేర్లు, ఊర్లు. "ఎల్లమ్మ, ఉప్పునుంతల. ఏసమ్మ, పాన్‌గల్..." ఎవరూ పలకరు. సార్లు కిటికీలు మూసి పాఠం చెబుతారు. పిల్లలు అది విని క్యాంటీన్‌కు లేస్తారు.

ఆ పేర్లన్నీ ఆరేళ్లు మెట్ల మీద కూర్చుని రాసుకున్నది మా పాన్‌గల్ పిల్ల నవ్య. ఏసమ్మ ఆమెకు ముత్తవ్వ. పీహెచ్‌డీ చేతికొస్తే లెక్చరర్ అవుతుందని అవ్వ దేవమ్మ ఊరందరికీ ముందే చెప్పేసింది. మా ఊరి కురుమయ్యయితే "డాక్టరమ్మా, మోకాళ్లకు మందు రాస్తవా?" అని అడిగి, రాయదని తెలిసి, ఆ చదువు మీద జాలిపడ్డాడు.

గైడ్ శ్రీనాథ్ సారు థీసిస్ మీద సంతకం పెట్టలేదు. "గోడ చెప్పింది ఆధారం కాదమ్మా" అన్నాడు. రెండేళ్లు బల్ల మీదే ఉంచుకుని, అవే పేర్లతో తన పేరున పుస్తకం అచ్చేశాడు. అచ్చుతప్పులు దిద్దినందుకు ముందుమాటలో నవ్యకు కృతజ్ఞతలు కూడా చెప్పాడు. మర్యాదస్తుడు.

యూనివర్సిటీ పుట్టినరోజున ఆ మెట్ల దగ్గరే పుస్తకావిష్కరణ. కుర్చీలు వేసే పని నవ్యది. పుస్తకం మనవరాలిదే అనుకుని దేవమ్మ అరువు తెచ్చిన గద్వాల చీర కట్టుకుని బస్సు దిగింది.

"నీ బుక్కేదే బిడ్డా?"

"నాది గాదవ్వా, సారుది."

"మరి నువ్వేం జేసినవ్?"

"పని జేసిన."

పదయింది. గోడ మొదలుపెట్టింది. ఏసమ్మ తర్వాత దాని నోట ఎన్నడూ వినని పేరు వచ్చింది.

"నవ్య, పాన్‌గల్."

నవ్య కుర్చీలు సర్దుతూనే ఉంది. దేవమ్మ నలభై ఏళ్లు వలస పనులకు పోయిన మనిషి. మేస్త్రీ పిలిచినప్పుడు పలకకపోతే ఆ దినం కూలి పోతుంది. మనిషి అటు పోతే ఇంటోళ్లు పలకాలి. అందుకే కుర్చీలో నుంచి లేచి చెయ్యెత్తింది.

"ఉన్నది మేస్త్రీ! మా పిల్ల ఈడనే ఉన్నది, రాస్కో!"

గోడ రాసుకుంది.

మరునాడు స్కాలర్ల పట్టీలో నవ్య పేరు లేదు. ఎవరూ కొట్టేయలేదు. ఆమె పేరుండే గీత మీద కాగితం తెల్లగా ఉంది, అంతే. ఇప్పుడామె అక్కడి లైబ్రరీలోనే కాంట్రాక్టు మీద పుస్తకాల దుమ్ము తుడుస్తుంది. సారు పుస్తకం మూడో అరలో ఉంది. పదింటికి గోడ పిలవగానే చేతిలో గుడ్డ పక్కన పెట్టి "ఉన్న" అంటుంది.

పలకకపోతే కూలి పోతుంది మరి.